కడ్డీ వేశాక...

భాగవతంలో కుబ్జ కథ తెలియని తెలుగిల్లు అరుదు. ఒళ్లు మూడు వంకర్లు పోయిన ఆ గూనిపిల్ల కంసుడి కోసం పట్టుకెళ్తున్న చందనాన్ని మధుర వీధిలో కృష్ణుడికి పూస్తుంది. ఆయన తన పాదంతో ఆమె పాదాలు అదిమిపట్టి, రెండు వేళ్లు గడ్డం కింద పెట్టి పైకెత్తుతాడు. అంతే, వెన్ను నిటారుగా నిలబడుతుంది. చుక్క రక్తం కారలేదు, కుట్లు పడలేదు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయించుకు రమ్మని ఎవరూ చెప్పలేదు.

కింద కాళ్లు పట్టి పైన తల లాగడమనే ఆ పద్ధతినే వైద్యులు కూడా రెండు వేల ఏళ్లకు పైగా ప్రయత్నించారు. గ్రీకు వైద్యుల కాలంలో గూని ఉన్న మనిషిని నిచ్చెనకు కట్టి, నిచ్చెనను పైకెత్తి కుదిపేవారు. వంకర పోలేదు. ఇప్పటి పద్ధతి వేరు. అయిదారు గంటల ఆపరేషన్, వీపు పొడవునా కోత, వెన్నుకు అటూ ఇటూ రెండు లోహపు కడ్డీలు, వాటిని పట్టి ఉంచడానికి పదిహేనో ఇరవయ్యో మరలు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకుని 'బాగా జరిగిందండీ' అన్న మాట వినపడగానే బయట కూర్చున్న ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత రావడానికి వీలున్న చిక్కుల గురించి మాత్రం, అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ఆ రెండు నిమిషాల్లో తప్ప, పెద్దగా మాట్లాడుకునేది ఉండదు. ఆ రెండు నిమిషాల్లో కూడా తండ్రి చదివేది తక్కువ, పెన్ను కోసం వెతుక్కునేది ఎక్కువ.

దర్జీ కంటికి చిక్కేది

వెన్నెముక పక్కకు వంగి, దాంతో పాటు మెలి తిరగడాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎక్కువగా పదీ పదిహేనేళ్ల మధ్య, పిల్లలు ఏపుగా ఎదిగే రోజుల్లో బయటపడుతుంది. చిన్న వంకర్లు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇంచుమించు సమానంగానే వస్తాయి గానీ, ముదిరి ఆపరేషన్ దాకా వెళ్లేది చాలావరకు ఆడపిల్లలే. తల్లిదండ్రుల కంటే ముందు దర్జీ కనిపెట్టడం మామూలే. 'అమ్మాయికి ఒక భుజం కిందికుందమ్మా, అందుకే జాకెట్టు ఒక పక్క లాగేస్తోంది' అంటాడు. లేదంటే కొత్త లంగా అంచు ఒకవైపు నేలకు రాసుకుంటూ, రెండోవైపు బెత్తెడు పైకుంటుంది. పదేళ్లు దాటిన పిల్ల తలంటు తనే పోసుకుంటుంది, తలుపేసుకుని బట్టలు మార్చుకుంటుంది. ఇక ఇంట్లోవాళ్లకు ఆ వీపు కనిపించేదెప్పుడు?

కనిపెట్టడానికి డబ్బు ఖర్చేమీ లేదు. పిల్లను మోకాళ్లు వంచకుండా నడుం వంచి, రెండు చేతులూ జోడించి కిందికి వేలాడేయమనాలి. వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క ఉబ్బెత్తుగా లేచి ఉంటే అనుమానించాల్సిందే. 1865లో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లిషు వైద్యుడు చెప్పిన ఈ చిన్న పరీక్షను ఇన్ని స్కానింగులు వచ్చాక కూడా ఎవరూ పక్కన పెట్టలేదు.

వంకరను డిగ్రీల్లో కొలుస్తారు. అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించిన లెక్క అది. పది డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ కింద జమ. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు. పాతిక నుంచి నలభై డిగ్రీల మధ్య ఉండి, పిల్ల ఇంకా ఎదుగుతుంటే బ్రేస్ అనే గట్టి పట్టీ తొడుగుతారు. దాంతో లాభం ఉందా లేదా అని వైద్యులు ఏళ్ల తరబడి వాదించుకున్నాక, 2013లో అమెరికా, కెనడా ఆస్పత్రులు కలిసి చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. బ్రేస్ వేసుకున్నవారిలో నూటికి 72 మందికి వంకర ఆపరేషన్ దాకా ముదరలేదు. వేసుకోనివారిలో ఆ సంఖ్య 48. రోజుకు ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత మేలు అని కూడా తేలింది. 45, 50 డిగ్రీలు దాటాకే ఆపరేషన్ మాట వస్తుంది.

ఎందుకొస్తుందన్నది నూటికి ఎనభై మందిలో తేలదు. కారణం తెలియదని ఒప్పుకోవడానికి వైద్యులు వాడే గంభీరమైన మాట 'ఇడియోపతిక్'. పుస్తకాల సంచి మోసినందువల్లో, ఒక పక్కకే పడుకున్నందువల్లో రాదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కదిలినందువల్ల అసలే రాదు. ఆ మాటతో కోడలిని సాధించే అత్తలు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్పుకోవాల్సి వస్తోంది.

మరో సంగతి కూడా ముందే తెలిసుండాలి. అమెరికాలోని అయోవాలో వైద్యం చేయించుకోని స్కోలియోసిస్ రోగులను యాభై ఏళ్ల పాటు గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కౌమారంలో వచ్చిన వంకరతో బతికినవారు నడుంనొప్పి, తమ రూపం గురించిన దిగులు మిగతావారి కంటే ఎక్కువ అనుభవించారు గానీ, చాలామంది ఉద్యోగాలు చేసుకున్నారు, సంసారాలు నడుపుకొన్నారు. ఊపిరితిత్తులు నలిగే ప్రమాదం బాగా పెద్ద వంకరలకే. అంటే టీనేజీ పిల్లల్లో చాలావరకు ఇది రేపటికల్లా ప్రాణం నిలబెట్టడానికి చేసే ఆపరేషన్ కాదు. 50 డిగ్రీలు దాటిన వంకర ఎదుగుదల ఆగాక కూడా ఏటా కొద్దికొద్దిగా పెరుగుతుంది కనుక, దాన్ని ఆపడానికి చేసేది. నెలా రెండు నెలలు ఆలోచించుకోవడానికి, మరో డాక్టరును అడగడానికి వ్యవధి ఉంటుంది. 'పెళ్లి సంబంధాలు మొదలయ్యేలోపు అయిపోవాలి' అన్న తొందర వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు.

సెంట్రింగ్, శ్లాబు

వెన్నును జీవితాంతం నిలబెట్టేది కడ్డీ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఇల్లు కట్టేటప్పుడు శ్లాబు వేసే ముందు సెంట్రింగ్ కొడతారు గదా, కడ్డీ అలాంటిది. అసలు శ్లాబు ఎముకే. వంకర సరిచేసిన చోట వెన్నుపూసల పైపొర గీకి, ఎముక ముక్కలు పేరుస్తారు. ఆర్నెల్లు, ఏడాదిలో అవన్నీ అతుక్కుని ఆ పదీ పన్నెండు పూసలు ఒకే దిమ్మెలా తయారవుతాయి. దీన్నే ఫ్యూజన్ అంటారు. ఆ తర్వాత కడ్డీకి పెద్దగా పని ఉండదు.

శ్లాబు గట్టిపడకపోతే? బరువంతా సెంట్రింగ్ మీదే పడుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒకసారి పుటుక్కున తెగినట్టు, ఎంత గట్టి కడ్డీ అయినా రెండు మూడేళ్లకు విరుగుతుంది. అతుకు పడని చోటు ఒకటుందని చాలాసార్లు కడ్డీ విరిగాకే తెలుస్తుంది. వంగి ఏదో తీస్తుంటే వీపులో 'టక్' మన్న చప్పుడు, ఆనక ఒకేచోట నొప్పి. కొందరికి నొప్పే ఉండదు, ఏటేటా తీసే ఎక్స్‌రేలో బయటపడుతుంది. ఎముక అతకడాన్ని పొగతాగడం దెబ్బతీస్తుంది. పెద్దవయసులో ఆపరేషన్ చేయించుకునే మగవాళ్లు సిగరెట్టు మానమంటే చిరాకుపడేది ఇందుకే, డాక్టరు పట్టుబట్టేదీ ఇందుకే.

పోలియో పిల్లల కడ్డీ

స్కోలియోసిస్‌కు ఫ్యూజన్ మొదట చేసింది న్యూయార్క్ వైద్యుడు రసెల్ హిబ్స్, 1914లో. అప్పటికి కడ్డీలు లేవు. పూసలు గీకి, అతుక్కునేదాకా పిల్లలను నెలల తరబడి పిండికట్టులో పడుకోబెట్టేవారు. ఇంతా చేస్తే సరిచేసిన వంకర చాలామందికి మళ్లీ వచ్చేసేది.

1950ల్లో హూస్టన్ నగరంలో పోలియో విజృంభించింది. వెన్ను కండరాలు చచ్చుబడి, ఊపిరి ఆడనంతగా గూని వచ్చిన పిల్లలు. వాళ్ల ఛాతీలు అప్పటికే బలహీనం కనుక పిండికట్టు వేయడానికి వీల్లేదు. పాల్ హారింగ్టన్ అనే వైద్యుడు వాళ్ల కోసం స్టీలు కడ్డీ తయారుచేశాడు. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం, మధ్యలో పళ్లున్న కడ్డీ. లారీకి జాకీ వేసి ఎత్తినట్టు వెన్నును సాగదీస్తుంది. మొదట్లో ఆయన ఫ్యూజన్ లేకుండా కడ్డీ ఒక్కటే వేశాడు. కొక్కేలు ఊడిపోయాయి, కడ్డీలు విరిగాయి. అలా దెబ్బతినే, ఎముక అతక్కుండా లోహం ఎంతోకాలం నిలవదని నేర్చుకున్నాడు. 1962లో వైద్య పత్రికలో అచ్చయిన ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. పాతికేళ్ల పాటు స్కోలియోసిస్ ఆపరేషన్ అంటే హారింగ్టన్ కడ్డీయే.

వెన్నును వెనక నుంచి చూస్తే గీత గీసినట్టు ఉండాలి. నిజమే. కానీ పక్క నుంచి చూస్తే దానికి ఒంపులుండాలి. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుం దగ్గర మళ్లీ లోపలికి. ఆ నడుం ఒంపు ఉండబట్టే తల తుంటి మీదికి సరిగ్గా వచ్చి, మనిషి శ్రమ లేకుండా నిలబడగలుగుతున్నాడు. హారింగ్టన్ కడ్డీ తిన్నగా ఉండేది. దాన్ని నడుం కిందిదాకా వేసి సాగదీసినప్పుడు పక్క వంకరతో పాటు, ఉండాల్సిన ఈ ఒంపు కూడా పోయింది. పదిహేనేళ్ల పిల్లకు అదేమీ తెలియదు. పాడైన చోటికి కింద ఇంకా రెండు మూడు మంచి డిస్కులున్నాయి కదా, అవి సర్దుకుంటాయి. తుంటి సర్దుకుంటుంది. ఫొటోలో వీపు చక్కగా ఉంటుంది. డాక్టరు సంతోషిస్తాడు, తల్లి మొక్కు తీర్చుకుంటుంది.

ఆ పిల్లకు నలభై వచ్చేసరికి సర్దుకోవడానికి మిగిలిన డిస్కులు అరిగిపోతాయి. మనిషి మెల్లగా ముందుకు వాలడం మొదలవుతుంది. పడిపోకుండా ఉండటానికి మోకాళ్లు కాస్త వంచి నిలబడుతుంది. పొద్దున లేచినప్పుడు ఫర్వాలేదు, సాయంత్రానికి తొడలు, పిరుదులు, మెడ పీకేస్తాయి. వంటింటి గట్టు మీద మోచెయ్యి ఆనించందే కూర తరగలేదు. దుకాణంలో తోపుడు బండి పట్టుకుంటే సుఖంగా నడుస్తుంది, వదిలేస్తే నాలుగడుగులు కష్టం. అమెరికా, యూరప్ దేశాల్లో 1970లు, 80ల్లో ఇలాంటి మహిళలు ఒకరి తర్వాత ఒకరు ఆస్పత్రులకు రావడం మొదలయ్యాక ఈ చిక్కుకు 'ఫ్లాట్ బ్యాక్' అన్న పేరు పడింది. ఒంపు చదునైన వెన్ను అని. చాలామందిని అంతకుముందు 'వయసు మీద పడుతోంది, లావు తగ్గండి' అని పంపేశారు. చిన్నప్పుడు ఆపరేషన్ చేసిన వైద్యుడు ఆపాటికి రిటైరై ఉంటాడు. తను చేసిన పని ఇలా పరిణమించిందని ఆయనకు తెలిసే దారే లేదు.

దీనికి మందు మళ్లీ ఆపరేషనే. అతుక్కుపోయిన ఎముకలోంచి పుచ్చకాయకు గాటు పెట్టినట్టు త్రికోణపు ముక్క కోసి తీసి, ఆ సందు మూసి ఒంపు తెప్పిస్తారు. మొదటి ఆపరేషన్ కంటే ఇది పెద్దది, రక్తం ఎక్కువ పోయేది, నరాలకు ఎక్కువ ముప్పున్నది.

కడ్డీలను ఒంపు ప్రకారం వంచి వేయడం ఈ దెబ్బతోనే నిబంధనగా మారింది. మధ్యలో మెక్సికో వైద్యుడు ఎడ్వర్డో లూకే మరో దారి తొక్కాడు. ఆయన దగ్గరికొచ్చేది దూరాల నుంచి పేదవాళ్లు. ఆ ఎండల్లో ఒళ్లంతా పిండికట్టుతో నెలల తరబడి ఉండలేరు, మళ్లీ మళ్లీ రాలేరు. మే నెలలో బెజవాడను తలుచుకుంటే ఆయన బాధ అర్థమవుతుంది. అందుకని 1970ల్లో ప్రతి పూసకూ తీగ చుట్టి కడ్డీకి బిగించి, పిండికట్టు అవసరమే లేకుండా చేశాడు. కాకపోతే తీగ వెన్నుపాము పక్కనుంచి దూర్చాలి, దాని భయం దానిది. 1980ల్లో ఫ్రాన్స్‌లో కోట్రెల్, డుబూసే రెండు కడ్డీల పద్ధతి తెచ్చారు. ఇప్పుడు వాడే మరలు ఆ తర్వాత అందరికీ అలవాటయ్యాయి. ఎన్ని మారినా ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. ఫ్యూజన్ నడుంలోకి ఎంత కిందికి దిగితే, మిగిలిన డిస్కుల మీద అంత భారం. అందుకే మంచి సర్జన్ ఎన్ని పూసలు అతికించాలా అని కాదు, ఎన్ని వదిలేయొచ్చా అని చూస్తాడు. ఎక్కడ ఆపుతున్నారు, ఎందుకు ఆపుతున్నారు అని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది.

'కాలి వేళ్లు కదుపమ్మా'

అందరూ భయపడేది కాళ్ల గురించి. 'వెన్ను ఆపరేషనా, పక్షవాతం వస్తుందేమో' అని చుట్టాలు ఫోన్లు చేసి మరీ భయపెడతారు. భయం ఉత్తది కాదు. వెన్నును సాగదీసినప్పుడు లోపలి వెన్నుపాముకు రక్తం తగ్గినా, మర పక్కకు పోయి ఒత్తినా ప్రమాదమే. ఫ్రాన్స్‌లోని లియోన్ వైద్యుడు పియరీ స్టాన్యారా బృందం 1973లో దీనికొక సాహసమైన ఉపాయం ప్రకటించింది. వంకర సరిచేయగానే, వీపు తెరిచి ఉండగానే, మత్తు తగ్గించి రోగిని లేపుతారు. ముందు చేతులు కదపమంటారు. మాట వినిపిస్తోందని తెలిశాక కాలి వేళ్లు కదపమంటారు. కదిలితే ఆపరేషన్ గదిలో అందరి ముఖాలూ తేటపడతాయి, మళ్లీ మత్తు. చాలామందికి తర్వాత ఇది గుర్తే ఉండదు.

ఇప్పుడు యంత్రాలున్నాయి. కాలి దగ్గర చిన్న విద్యుత్ సంకేతమిచ్చి అది మెదడుకు చేరుతోందా లేదా, తల దగ్గర ఇస్తే కాలి కండరం కదులుతోందా లేదా అని ఆపరేషన్ సాగినంతసేపూ ఒక మనిషి తెర ముందు కూర్చుని చూస్తుంటాడు. సంకేతం పడిపోతే రక్తపోటు పెంచుతారు, సాగదీసినది వదులు చేస్తారు, కావాలంటే మరలు తీసేస్తారు. అనుమానం తీరకపోతే ఇప్పటికీ స్టాన్యారా పరీక్షే దిక్కు. ఈ నరాల పర్యవేక్షణ ఉందా అని ముందే కనుక్కోవాలి. ఖర్చు తగ్గించుకోవడానికి వదులుకోదగ్గది కాదు ఇది.

మరి ఎంతమందికి ఏమవుతుంది? 1966లో ఏర్పడిన స్కోలియోసిస్ రీసెర్చ్ సొసైటీ సర్జన్ల నుంచి లెక్కలు తెప్పించుకుని అచ్చు వేస్తుంటుంది. 2006లో వచ్చిన లెక్కలో, కారణం తెలియని స్కోలియోసిస్ ఉన్న 6,334 మంది కౌమారుల్లో నూటికి 5.7 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. ఇద్దరు చనిపోయారు. 2011 లెక్క ఇంకా పెద్దది, 19,360 మంది పిల్లలు. అందులో కారణం తెలియని రకానికి చిక్కులు 6.3 శాతం. పుట్టుకతోనే పూసలు సరిగా ఏర్పడని పిల్లల్లో 10.6. కండరాల, నరాల జబ్బుల వల్ల గూని వచ్చిన పిల్లల్లో 17.9. నరాలకు కొత్తగా దెబ్బ తగిలింది మొత్తం మీద నూటికి ఒకరికి. వారిలో తర్వాత కోలుకున్నవారూ ఉన్నారు. ఆపరేషన్ ఒకటే అయినా, పక్కింటి పిల్లకు జరిగింది చూసి మన పిల్లకు అంచనా వేయకూడదనడానికి ఈ మూడు అంకెలు చాలు. పైగా ఇవి సర్జన్లు తమంతట తాము చెప్పిన లెక్కలు. ఏళ్ల తర్వాత వచ్చే చిక్కులు వీటిలో చాలావరకు ఉండవు.

వైద్యులు తమ అపజయాలు లెక్కపెట్టుకోవడం అంత తేలిగ్గా రాలేదు. 1840ల్లో పారిస్‌లో జూల్ గెరాన్ అనే సర్జన్ వీపు కండరాలు కోసి గూని నయం చేస్తున్నానని గొప్పగా ప్రకటించుకున్నాడు. మల్గేన్ అనే మరో సర్జన్ ఆ రోగుల్లో కొందరిని వెతికి పట్టుకుని చూసి, ఎవరికీ నయం కాలేదని రాశాడు. గెరాన్ పరువు నష్టం దావా వేశాడు. కోర్టు మల్గేన్ పక్షాన తీర్పిచ్చింది. ఆ దావా సంగతి ఎలా ఉన్నా, రోగి ఇంటికెళ్లాక ఏమయ్యాడో చూడాలన్న పట్టుదల మల్గేన్‌ది.

వాంతులు, కురుపులు

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో నొప్పి, జ్వరం, పొట్ట ఉబ్బరం మామూలే. ఇళ్లల్లో పొరపాటు పడే చిక్కు వేరే ఉంది. పిల్ల లేచి కూర్చుంది, నాలుగడుగులు వేసింది. అయిదారు రోజులకు వాంతులు మొదలయ్యాయి. తిన్నదల్లా పచ్చని పసరుతో కలిసి వచ్చేస్తోంది. 'మత్తుమందు వేడి ఇంకా తగ్గలేదు' అని ఒకరు, 'దిష్టి తగిలింది' అని ఇంకొకరు. నిజానికి వంకర సరిచేయడంతో ఒళ్లు ఒక్కసారిగా నాలుగైదు సెంటీమీటర్లు సాగుతుంది. పేగుల మీదుగా వెళ్లే పెద్ద రక్తనాళం ఆ సాగుడుకు బిగుసుకుని, దాని కిందుగా పోయే చిన్నపేగు మొదటి భాగాన్ని నొక్కేస్తుంది. బక్కపలచగా, పొడుగ్గా ఉన్న పిల్లల్లో నాళానికీ పేగుకూ మధ్య మెత్తగా ఉండాల్సిన కొవ్వు ఉండదు కాబట్టి వాళ్లకే ఎక్కువ. పూర్వం ఒళ్లంతా పిండికట్టు వేసినవారికి ఇదే వచ్చేది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ముక్కులోంచి గొట్టం వేసి, ఆ అడ్డం దాటించి ఆహారం పంపిస్తే చాలామందికి కోత లేకుండానే తగ్గుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఒంట్లో నీరూ లవణాలూ పోయి ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్‌కు ముందు కొన్ని కిలోల బరువు పెరగమని డాక్టరు చెబితే, అది బామ్మ చెప్పే నెయ్యి సలహా లాంటిది కాదు.

ఇంకొకటి ఏళ్ల తర్వాత వస్తుంది. రెండేళ్లకో నాలుగేళ్లకో మచ్చ పక్కన చిన్న కురుపు లేస్తుంది. కాస్త చీము, మళ్లీ మానుతుంది, మళ్లీ లేస్తుంది. పసుపు పెడతారు, మందుల షాపులో అడిగి ఏదో పూత తెచ్చి రాస్తారు. మొటిమల్లో ఉండే సూక్ష్మజీవే ఇక్కడా తరచూ దోషి. లోహం చుట్టూ చేరి చడీచప్పుడు లేకుండా ఏళ్లు గడుపుతుంది. చీమును ల్యాబుకు పంపితే రెండు మూడు రోజుల్లో 'ఏమీ పెరగలేదు' అని కాగితం ఇచ్చేస్తారు. ఈ జీవి పెరగడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే కురుపు చిన్నదైనా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి. వీపులో కడ్డీ ఉందని ల్యాబువాళ్లకూ చెప్పాలి. ఎముక గట్టిగా అతుక్కుని ఉంటే కడ్డీలు తీసేసి మందులిస్తే నయమవుతుంది. వంకర కొంచెం తిరిగి రావచ్చు.

పదేళ్లలోపు పిల్లల సంగతి ఇంకా చిక్కు. వెన్ను వెనక భాగం అతికించేస్తే ముందు భాగం ఎదుగుతూనే ఉంటుంది, దాంతో మొత్తం మెలి తిరుగుతుంది. అలాగని అతికించకపోతే వంకర ఆగదు. ఎదిగే కొద్దీ పొడవు పెంచే కడ్డీలు వేసి ఆర్నెల్లకోసారి కోసి సాగదీసేవారు. కోత లేకుండా బయటినుంచి అయస్కాంతంతో సాగదీసే కడ్డీలకు 2014లో అమెరికా అనుమతి వచ్చినప్పుడు ఎంతో సంబరపడ్డారు. కొన్నేళ్లకు ఆ కడ్డీల నుంచి లోహపు పొడి రాలి చుట్టూ కండ నల్లబడటం కనిపించింది. 2020లో బ్రిటన్ వైద్య పరికరాల నియంత్రణ సంస్థ వాటిని కొత్తగా వేయొద్దంది. కడ్డీకి బదులు తాడు బిగించి ఎదుగుదలనే వంకర సరిచేసేలా వాడుకునే పద్ధతికి 2019లో అమెరికాలో అనుమతి దొరికింది. తాడు కొందరిలో తెగుతోంది. అది విని వెంటనే కాదనుకోనక్కర్లేదు, 'కొత్త టెక్నాలజీ' అన్న మాటకు పొంగిపోనూ అక్కర్లేదు.

పెళ్లి, పురుడు

ఎక్కువమంది పిల్లలు ఏ పెద్ద చిక్కూ లేకుండా నెలా నెలన్నరకు బడికి వెళ్తారు. మూడు నుంచి ఆర్నెల్లు, ఏడాదిలోపు ఆటలూ ఆడతారు. అమెరికా గోల్ఫ్ క్రీడాకారిణి స్టేసీ లూయిస్ పద్దెనిమిదో ఏట వెన్నులో కడ్డీ, అయిదు మరలు వేయించుకుని, 2013లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకుంది. బ్రిటన్ రాజకుటుంబపు పిల్ల యూజినీకి పన్నెండేళ్లకు 2002లో ఆపరేషన్ అయింది. 2018లో పెళ్లినాడు వీపు కనిపించే గౌను కావాలని కుట్టించుకుంది, మచ్చ అందరికీ కనిపించాలని.

ఆశలు మాత్రం అదుపులో ఉండాలి. అరవై డిగ్రీల వంకర సున్నాకు రాదు, ఇరవైకో పాతికకో వస్తుంది. పక్కటెముకల ఉబ్బు కొంత మిగులుతుంది. ఒక్కోసారి ఇంతకుముందు కిందికున్న భుజం ఇప్పుడు పైకి లేచి, దర్జీ మళ్లీ తల గోక్కుంటాడు. మచ్చ చుట్టూ తిమ్మిరి ఏళ్లు ఉండొచ్చు. వీపు వంగదు కాబట్టి నేల మీది గిన్నె తీయాలంటే మోకాళ్లు వంచి కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. ఇవన్నీ ముందు ఆ పిల్లకు చెప్పాలి. డాక్టరు గదిలో అమ్మా నాన్నా మావయ్యా కూర్చుని, పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టే అలవాటు ఒకటుంది. వెన్ను ఎవరిదో మరిచిపోయే అలవాటు అది.

'పిల్లలు పుడతారా?' అన్న ప్రశ్న తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. పుడతారు. కడ్డీ ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయాలనేమీ లేదు, చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. ఇబ్బందల్లా మత్తు డాక్టరుకు. ఫ్యూజన్ నడుందాకా ఉంటే వెన్నులో సూది దూర్చడానికి సందు దొరకడం కష్టం. ఏ పూస నుంచి ఏ పూస దాకా అతికించారో తెలిస్తే ఎక్కడ ప్రయత్నించాలో, పూర్తి మత్తుకు ఎప్పుడు సిద్ధపడాలో ఆయన ముందే తేల్చుకుంటాడు. అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన మనిషిని 'ఎప్పుడో చిన్నప్పుడు ఆపరేషన్ అయిందండీ' అంటే ఆయనకు ఏం తెలుస్తుంది? ఎమ్మారై తీయాల్సి వచ్చినా లోహం టైటానియమా, స్టీలా అని అడుగుతారు.

కాబట్టి డిశ్చార్జి రోజున అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి. ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన నోటు, వేసిన కడ్డీల, మరల స్టిక్కర్లు, ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు. బిల్లు భద్రంగా దాచి వీటిని పారేసే ఇళ్లే ఎక్కువ. ఆస్పత్రులు పాత రికార్డులను కలకాలం ఉంచవు. ఫొటోలు తీసి ఫోనులో పెట్టుకోవచ్చు, అయినా కాగితాల ఫైలు ఒకటి ఉండాలి. పిల్ల చదువుకు వేరే ఊరు వెళ్తే ఆమె పెట్టెలో, అత్తవారింటికి వెళ్తే సారెతో పాటు అదీ వెళ్లాలి.